పేరు గల ఓటరు

ప్రజలు తమ్ము తాము పరిపాలించుకొనుటయే ప్రజాస్వామ్యము. కాని కోట్లకొలది జనులు ఒక్కచోట కూడి శాసనములు చేయుట సాధ్యము కాదు. కావున వారు తమ ప్రతినిధులను ఎన్నుకొందురు. ఆ ఎన్నికకు సాధనము ఓటు.

ఆంగ్లేయుల పాలనలో ఓటు అందరికిని లేకుండెను. ఆస్తియో, పన్ను చెల్లింపో, చదువో ఉన్నవారికి మాత్రమే అది లభించెడిది. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ భేదమును తొలగించినది. కూలివానికిని, కోటీశ్వరునకును, స్త్రీకిని, పురుషునకును సమానముగా ఒక్కొక్క ఓటు నొసగినది. నాడు ఓటరునకు 21 సంవత్సరములు నిండవలసి యుండెను.

హక్కు నిచ్చుట ఒక ఎత్తు. దానిని ఇంటింటికి చేర్చుట మరియొక ఎత్తు. ఆ భారము తొలి ప్రధాన ఎన్నికల కమిషనరైన సుకుమార్ సేన్ పైబడెను. ఓటర్లు 17 కోట్లకు పైగా ఉండిరి. వారిలో అత్యధికులు నిరక్షరాస్యులు. అందుచే అభ్యర్థులకు గుర్తులు కేటాయించిరి. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నుంచి, దానిపై అతని గుర్తు నంటించిరి. ఓటరు తెరచాటునకు పోయి, తన చీటిని తనకు నచ్చిన పెట్టెలో వేసెడివాడు. ఎవరికి వేసెనో ఇతరులకు తెలియదు. యజమాని బెదిరింపునకు గాని, బంధువుల ఒత్తిడికి గాని లొంగవలసిన పని లేదు. ఒకరే రెండుమారులు వేయకుండుటకై వ్రేలిపై చెరగని సిరా పూసిరి.

అయితే జాబితా వ్రాయునపుడే ఒక చిక్కు వచ్చెను. ముఖ్యముగా ఉత్తర భారతమున పెక్కు గ్రామములలో స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పుట మర్యాద కాదని తలచిరి. "ఫలానావాని తల్లిని", "ఫలానావారి భార్యను" అని మాత్రమే చెప్పిరి. జాబితాలోనికి ఆ మాటలే ఎక్కెను. ఎన్నికల సంఘము దీనికి సమ్మతింపలేదు. పేరు లేనిచో ఓటు వేయవచ్చినది ఆమెయో, మరియొకతెయో తేల్చుట ఎట్లు? అదియును గాక, ఓటు ఆమెది. భర్తది కాదు, కుమారునిది కాదు. తుదకు పేరు తెలుపని స్త్రీలను జాబితానుండి తొలగించిరి. సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో అట్లు ఓటు కోల్పోయినవారు దాదాపు 28 లక్షలు!

ఈ నిర్ణయము కఠినముగా తోపవచ్చును. ఆ స్త్రీలు నేరము చేసినవారు కారు. ఆచారము వారి నోరు కట్టివేసెను. కాని వారి నష్టము దేశమునకు ఒక పాఠమైనది. తన పేరు తాను చెప్పుకొనగలిగినప్పుడే పౌరుని హక్కు నిలుచును.

1951 అక్టోబరు 25న ఆరంభమైన ఆ పోలింగు 1952 ఫిబ్రవరి 21 వరకు సాగెను. పిమ్మట ఎన్నో మార్పులు వచ్చినవి. 1989 నుండి 18 సంవత్సరములు నిండినవారికి ఓటు లభించుచున్నది. పెట్టెల స్థానమున యంత్రములు వచ్చినవి. మారనిది ఒక్కటే: జాబితాలో పేరు లేనివాడు, చేత గుర్తింపు కార్డు ఉన్నను, ఓటు వేయజాలడు. అందుచే వయస్సు నిండగానే పేరు నమోదు చేయించుకొనుట ఓటరు మొదటి కర్తవ్యము. ధనమునకో, కులమునకో దాసుడు గాక, యోచించి ఓటు వేయుట రెండవ కర్తవ్యము.

2019 లోకసభ ఎన్నికలలో ఓటు వేసిన స్త్రీల శాతము పురుషుల శాతమును స్వల్పముగా మించినది. ఒకనాడు పేరు చెప్పుటకు వెనుకాడిన తల్లుల మనుమరాండ్రు, నేడు పేరు పిలువగానే ముందునకు వచ్చి వ్రేలు చాచుచున్నారు.