అద్దె ఇల్లు: అడ్వాన్సు లెక్క

అనంతపురం, చిత్తూరు వైపు నుండి బెంగళూరుకు చదువుకు వచ్చే పిల్లలు నలుగురు కలిసి ఇల్లు తీసుకోవడం మామూలే. ఇక్కడ పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం పాత వాడుక. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు చాలన్నది గాని, రాష్ట్రం తన చట్టంలో చేర్చుకుంటేనే అది అమలవుతుంది.

లెక్క చూడండి. అద్దె రూ. 15,000, అడ్వాన్సు రూ. 1,50,000. ఆ సొమ్ము 6 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే ఏడాదికి 9,000, అంటే నెలకు 750. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటారు. 11 నెలలే ఉంటే నెలకు మరో 1,364. అసలు అద్దె 17,114 అన్నమాట! (11 నెలలే ఎందుకంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి.)

భోగ్యం సంగతి వేరు. మొత్తం ఒకేసారి ఇస్తే నెలనెలా అద్దె ఉండదు. మా మేనల్లుడు ఎనిమిది లక్షలిచ్చి అలా దిగాడు. యజమాని అప్పటికే ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాడు. కంతులు ఆగాయి, తలుపుకు వేలం నోటీసు అంటించారు. వాడికి తిరిగి వచ్చింది మూడు లక్షలే. బ్యాంకులో పనిచేసిన మామను ఉండి కూడా నేను ముందుగా ఒక్క మాట అడగలేదు.

ఇలాంటి తాకట్టు ఇ.సి.లో కనిపించకపోవచ్చు. ఒరిజినల్ పత్రాలు చూపమనండి. జిరాక్సులే చూపితే అనుమానించండి. 2011 నుండి పనిచేస్తున్న సెర్సాయ్ రిజిస్టరులో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతకవచ్చు. సొమ్ము మాత్రం చెక్కుగానే ఇవ్వండి.