నలుగురూ కొత్తవాళ్లే, ర్యాంకు పెరిగేదెలా?

ప్రశ్న: ఆన్‌లైన్ గేమ్ డోటా 2లో ఏడాదిగా క్రూసేడర్ ర్యాంకు దాటలేకపోతున్నాను. ముక్కూమొహం తెలియని నలుగురితో ఆడటం వల్లే ఓడిపోతున్నాను. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: ముందు లెక్క చూద్దాం. మీ జట్టులో తెలియనివాళ్లు నలుగురైతే, ఎదుటి జట్టులో ఐదుగురు. వందల మ్యాచ్‌ల మీద అదృష్టం ఇరువైపులా సర్దుకుంటుంది. అన్నింట్లోనూ ఉండేది మీరొక్కరే. పరేడ్ గ్రౌండ్స్‌లో ఆదివారం క్రికెట్‌కి ఎవరొస్తే వాళ్లతోనే ఆడతాం కదా, ఇదీ అంతే.

రెండు మూడు హీరోలనే ఎంచుకుని, వాటి మీద చేయి తిరిగేదాకా ఆడండి. పోరులో నెగ్గాక శత్రువుల వెంట పడకుండా టవర్ కూల్చండి. గెలుపు ఎదుటి జట్టు ప్రధాన కట్టడం ఏన్షియంట్ కూలితేనే గానీ, చంపిన లెక్కతో కాదు. తిట్టేవాళ్లని మ్యూట్ చేయండి, చెప్పాల్సింది మ్యాప్‌పై పింగ్‌తో చెప్పండి. ఓడిన మ్యాచ్ రీప్లే చూసి, మీరు చనిపోయిన ప్రతిచోటా కారణం రాసుకోండి. వరసగా రెండు ఓడితే ఆ పూటకి ఆపేయండి.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈస్పోర్ట్స్ పోటీల్లో డోటా 2 కాంస్యం మన దేశానికే దక్కింది. ఆ పతకం తెచ్చింది కలిసి ఆడే జట్టు. మీకూ నచ్చిన ఆటగాడు తగిలితే ఫ్రెండ్‌గా చేర్చుకోండి. రేపటికి ఒక కొత్తవాడు తగ్గినట్టే.