రహదారి, అనుమతి, పౌరసత్వము

రహదారి అను మాటను నేడు మనము పెద్దబాట అను అర్థముననే వాడుచున్నాము. పూర్వము ఆ మాటకు ప్రయాణికుడు వెంట ఉంచుకొను అనుమతి పత్రము అను అర్థము కూడ ఉండెడిది. బాటకును పత్రమునకును ఒకే పేరు ఉండుట సమంజసమే. పత్రము లేనివానికి బాట ఉండియు లేనట్లే గదా!

నేటి కాలమున ఈ పత్రము రెండుగా చీలినది. పాస్‌పోర్టు స్వదేశ ప్రభుత్వము ఇచ్చునది. "ఇతడు మావాడు" అని అది చెప్పును. వీసా పరదేశ ప్రభుత్వము ఇచ్చునది; "ఇతడు మా దేశమునకు రావచ్చును" అని అది చెప్పును. శాంతికాలమున ఈ భేదము ఎవరికిని పట్టదు. రెండు దేశములు శత్రువులైనప్పుడు ఒక చిన్న కాగితము మనిషి రాకపోకలనే గాక అతని పౌరసత్వమును సైతము నిర్ణయింపగలదు. ఈ విషయమును తెలుసుకొనుటకు మన ప్రాంత చరిత్రయే చాలును.

1947 ఆగస్టు నుండి 1948 సెప్టెంబరు వరకు హైదరాబాదు సంస్థానము భారతదేశమున గాని, పాకిస్తానున గాని చేరలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆ సంస్థానములోనివే. నల్లగొండ జిల్లాను ఆనుకొనియున్న మునగాల పరగణా మద్రాసు రాష్ట్రమునకు చెందినది. నాడు రాయచూరు జిల్లాలో ఉండిన ఆలంపురము వాడు తుంగభద్ర దాటి కర్నూలు చేరినచో వేరొక ప్రభుత్వపు నేలపై కాలు మోపినట్లే. సంస్థానమునకు స్వంత నాణెమును, కరోడ్‌గిరి అను స్వంత సుంకపు శాఖయు ఉండెను. 1948 సెప్టెంబరు 17 తరువాత సంస్థానము భారతదేశమున కలిసినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా కృష్ణా, తుంగభద్రల సరిహద్దు జిల్లాల నడిమి గీతగా మాత్రమే మిగిలినది.

ఒక సరిహద్దు ఇట్లు కరిగిపోగా మరియొకటి గట్టిపడినది. దేశ విభజన కాలమునను, ఆ పిమ్మటను హైదరాబాదు రాజ్యపు కుటుంబములు కొన్ని కరాచీకి తరలిపోయినవి. ఆ నగరమున హైదరాబాద్ కాలనీ అను పేట నేటికిని ఉన్నది. అన్న అక్కడ, చెల్లెలు ఇక్కడ. తండ్రి సమాధి ఇక్కడ, కుమారుని కాపురము అక్కడ అను స్థితి ఏర్పడినది.

విభజన జరిగిన తొలి నెలలలో ఈ రెండు దేశముల నడుమ ప్రయాణమునకు పత్రముతో పనిలేకుండెను. 1948 జూలైలో పశ్చిమ పాకిస్తాను నుండి వచ్చువారికి భారత ప్రభుత్వము పర్మిట్ పద్ధతిని విధించినది. తాత్కాలిక సందర్శనమునకు ఒక పర్మిట్, శాశ్వతముగా తిరిగి వచ్చుటకు వేరొక పర్మిట్. ఈ భేదము స్వల్పమైనదని తోచవచ్చును, కాని అట్లు కాదు. 1947 మార్చి 1 తరువాత పాకిస్తాను ప్రాంతమునకు వలసపోయినవారిని భారత పౌరులుగా భావింపరాదని మన రాజ్యాంగపు 7వ అధికరణము చెప్పుచున్నది. పునర్నివాసమునకో, శాశ్వతముగా మరలి వచ్చుటకో ఇచ్చిన పర్మిట్‌తో తిరిగి వచ్చినవారికి మాత్రమే మినహాయింపు. కావున ఏ పర్మిట్ చేతికి వచ్చినదను దానిని బట్టి ఒకడు అతిథియో, పౌరుడో అయ్యెను.

1952 అక్టోబరు 15 నుండి పర్మిట్ స్థానమున పాస్‌పోర్టు, వీసాల పద్ధతి వచ్చినది. దానితో కొత్త చిక్కు పుట్టినది. బంధువులను చూచుటకు పోయి, అక్కడ చిక్కుకొని, తిరిగివచ్చు వేరు మార్గము కానక పాకిస్తాను పాస్‌పోర్టు పుచ్చుకొనినవారు ఉండిరి. పరదేశపు పాస్‌పోర్టు పొందుట ఆ దేశ పౌరసత్వమును స్వచ్ఛందముగా స్వీకరించుటకు తిరుగులేని రుజువని 1956 నాటి పౌరసత్వ నియమములు చెప్పినవి. 1962లో సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించినది. అయితే బలవంతము చేతనో, మోసము చేతనో ఆ పాస్‌పోర్టు పొందవలసి వచ్చినదని చెప్పువానికి దానిని నిరూపించుకొను అవకాశము ఈయవలెనని 1965లో అదే న్యాయస్థానము తీర్పు చెప్పినది. పర్మిట్ లేకుండ తిరిగివచ్చిన భారత పౌరుని దేశము నుండి వెడలగొట్టుట చెల్లదని అంతకు ముందే, 1954లో, తీర్మానించియుండెను. కాగితము బలమైనదే; కాని దానిపై విచారణ కోరుటకు తలుపొకటి తెరచి ఉంచుటే న్యాయస్థానము చేసిన మేలు.

1965 యుద్ధముతో రాజస్థాన్ ఎడారి మీదుగా సింధుకు పోవు మునాబావో–ఖోఖ్రాపార్ రైలుమార్గము మూతపడినది. అది మరల తెరచుకొనుటకు 2006 ఫిబ్రవరి వరకు ఆగవలసి వచ్చినది. యుద్ధము వారముల లెక్కన సాగగా దాని నిషేధము నలువది యేండ్లు సాగినది! 1971 యుద్ధమున దౌత్య సంబంధములే తెగిపోయినవి. అప్పుడు ఇరుదేశముల ప్రయోజనములను స్విట్జర్లాండ్ మధ్యవర్తిగా కనిపెట్టి ఉండెను. 1972 సిమ్లా ఒప్పందము పిమ్మట, 1974 సెప్టెంబరులో తపాలా, తంతి సౌకర్యముల గురించియు, వీసాల గురించియు ఒడంబడికలు కుదిరినవి. 1976లో దౌత్య సంబంధములు మరల ఏర్పడినవి. అమృత్‌సర్–లాహోర్ రైలు కదలినది.

ఈ వీసాల స్వభావము గమనింపదగినది. సామాన్యముగా ఒక దేశపు వీసా ఆ దేశమంతటికిని చెల్లును. భారత పాకిస్తానుల నడుమ అట్లు కాదు. వీసాలో వ్రాసిన ఊళ్లకే అనుమతి. వచ్చినప్పుడును, పోవునప్పుడును పోలీసు కచేరీలో తెలుపుకొనవలెను. వీసాపై హైదరాబాదు పేరొక్కటే ఉన్న తమ్ముడు అక్కడకు నూరు కిలోమీటర్ల దూరమున నల్లగొండలో మంచము పట్టిన అక్కను చూడ పోరాదు. 2012 ఒడంబడిక ఊళ్ల సంఖ్యను మూడు నుండి ఐదునకు పెంచుటకును, 65 ఏండ్లు నిండిన వృద్ధులకు వెసులుబాటు కల్పించుటకును ఉద్దేశించినది. కాని 2019 ఆగస్టులో రైళ్లు నిలిచిపోయినవి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగిన ఘాతుకము తరువాత అట్టారీ ద్వారము మూసివేయబడినది. పాకిస్తానీయుల వీసాలు, దీర్ఘకాలికములు మున్నగు కొన్నింటిని మినహాయించి, రద్దయినవి. వైద్యమునకు వచ్చినవారికి ఏప్రిల్ 29 వరకు గడువు ఇచ్చిరి.

దేశ రక్షణ ప్రభుత్వపు ప్రథమ ధర్మము. ద్వారమును కాపాడుకొను హక్కు ప్రతి దేశమునకును ఉన్నది. అయినను అంతర్జాతీయ న్యాయము ఆ హక్కునకు హద్దులు గీసినది. భారతదేశము 1950లోను, పాకిస్తాను 1951లోను ఆమోదించిన నాల్గవ జెనీవా ఒడంబడిక ప్రకారము, యుద్ధకాలమున శత్రుదేశమున చిక్కుకొనిన సామాన్యుడు ఆ దేశమును విడిచిపోవుటకు అర్హుడు. దేశ ప్రయోజనములకు భంగమైననే నిరాకరింపవచ్చును. ఆ నిరాకరణపై పునర్విచారణ ఉండవలెను. కుటుంబ సభ్యుల నడుమ వ్యక్తిగత సమాచారము సాగనీయవలెనని కూడ ఆ ఒడంబడిక ఆదేశించుచున్నది.

కావున ఇట్టి నిర్బంధమును తూచుటకు మూడు ప్రశ్నలు చాలును. దానికి కారణము చెప్పిరా? గడువు పెట్టిరా? విన్నవించుకొనుటకు చోటు ఉంచిరా? ఈ మూడును ఉన్నచో అది రక్షణ. మూడును లేనిచో అది శిక్ష, అదియు నేరము చేయనివానికి పడిన శిక్ష.

ఉర్దూను, తెలుగును ఒకే ప్రాంగణమున చదువుకొను విద్యార్థులు ఈ విషయమున చేయదగిన పని ఉన్నది. పెద్దల పెట్టెలలోని పాత పర్మిట్‌లను, పాస్‌పోర్టులను, ఉత్తరములను చెదలపాలు కానీయక భద్రపరచవలెను. దరఖాస్తు నింపలేని వృద్ధులకు దానిలోని ప్రతి పంక్తిని చదివి, అర్థము చెప్పి, పిదపనే వ్రేలిముద్ర వేయింపవలెను. తెలియక పెట్టిన ఒక్క సంతకము తరములను విడదీసిన సంగతి చరిత్ర మనకు చెప్పియే యున్నది.