డెబ్బై ఎకరాల అడవి నుంచి రెండెకరాల రైతుకు పాఠం

సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ పెంచిన అడవి సంగతి ఈ చుట్టుపక్కల చాలామంది రైతులకు తెలిసిందే. తాతల నాటి భూమి, సుమారు 70 ఎకరాలు. అందులో ఆయన పత్తి వేయలేదు, మిరప వేయలేదు, ప్లాట్లు కొట్టి అమ్మలేదు. చిన్నతనం నుంచి గింజలు చల్లుతూ, మొలిచిన మొక్కను కాపాడుతూ దాన్ని అడవి చేశారు.

ఈ మాట ఎత్తగానే మన రైతులు ఒకటే అంటారు: ''డెబ్బై ఎకరాలున్నోళ్లకు చెల్లుతది. రెండెకరాలోడు చెట్లు పెడితే తినేదేంది?''

ఆ ప్రశ్న న్యాయమైనదే. రెండెకరాల చెలక మీదనే పిల్లల చదువు, షావుకారు బాకీ, బోరు ఖర్చు అన్నీ తీరాలె. పొలమంతా అడవి చేయడం చిన్న రైతుకు కుదరదు. అయితే ఆయన చెట్టును పెంచిన తీరులో మాత్రం మనం తీసుకోదగ్గవి ఉన్నాయి. వాటికి డబ్బు పెద్దగా అక్కర లేదు, ఓపిక కావాలె.

నీళ్ల కోసం కొట్లాడిన మనిషి

సత్యనారాయణ వ్యవసాయ శాస్త్రం చదువుకున్నారు. బ్యాంకులో ఉద్యోగం చేశారు. దాన్ని వదిలి జల సాధన సమితి పెట్టి, ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లూ చేతులూ వంకర్లు పోతున్న నల్లగొండ జిల్లా పల్లెలకు కృష్ణా నీళ్లు కావాలని తిరిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఫ్లోరైడ్ బాధ దేశానికి తెలియాలని జల సాధన సమితి చేయించిన పని అది.

అడవి పెంచడం కూడా నీళ్ల పనే. వాన నీరు పొలం దాటి వాగులో పడకముందే ఆగాలంటే నేల మీద ఆకు, నేలలో వేరు ఉండాలె. ఆయన తన భూమిలో కుంటలు కూడా తవ్వించారు. పండ్లను అంగడికి పంపకుండా పక్షులకు, జంతువులకు వదిలారు. ఈ భూమిని వారసులకు పంచనని కూడా చెప్పారు. ఇది అందరికీ సాధ్యమయ్యే పని కాదు. మనకు సాధ్యమయ్యేది గెట్ల మీద ఉంది.

గెట్టు ఎంతుందో లెక్క చూడండి

చదరంగా ఉన్న రెండెకరాల చెలకకు ఒక్కో పక్క సుమారు 90 మీటర్లు. నాలుగు పక్కలా కలిపి 360 మీటర్ల గెట్టు. 6 మీటర్లకు ఒక చెట్టు చొప్పున 60 చెట్లు పడతాయి. పక్క రైతులతో ఉమ్మడి గెట్లు వదిలేసి సగం తీసుకున్నా 30 చెట్లు. సాలు ఒక్కటీ పోదు, గుంట భూమి తగ్గదు.

నర్సరీ మొక్క కంటే గింజ మేలు

కవర్లో ఎక్కువ రోజులు పెరిగిన మొక్కకు తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకుంటది. నాటినంక నేలలోకి లోతుగా దిగలేక మొదటి ఎండాకాలంలోనే వాడిపోతది. ఉన్నచోటనే మొలిచిన గింజకు ఆ బాధ లేదు. మన ఎర్ర చెలకలకు అలవాటుపడ్డ చెట్లనే ఎంచుకోవాలె.

వేప: ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో పండు రాలుతది. గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపే నాటాలె. దాచిపెడితే మొలక రాదు.

కానుగ: ఎండాకాలంలో కాయలు ఏరి పెట్టుకోవాలె. గింజను రాత్రంతా నానబెట్టి తొలకరిలో నాటాలె. చౌడును కూడా తట్టుకుంటది. పశువులు పెద్దగా ముట్టవు.

చింత: పులుసుకు వాడినంక పారేసే గింజలే చాలు. పైపొట్టు గట్టిగా ఉంటది కాబట్టి ఒక రోజు నీళ్లలో నానబెట్టాలె. నీడ ఎక్కువ, అందుకని చేను మూలకే పెట్టుకోవాలె.

సీతాఫలం: తిన్న పండు గింజలను ఎండబెట్టి వచ్చే తొలకరికి దాచాలె. మొలవడానికి నెల దాటుతది, తొందరపడి తవ్వి చూడొద్దు. ఆకును మేకలు తినవు.

గిరిపుష్పం: బొటనవేలి లావు, మీటరు పొడవు కొమ్మలను వానలు పడ్డంక మీటరుకొకటి నాటాలె. రెండో ఏడాది నుంచి కొమ్మలు కొట్టి ఆకును పొలంలో తొక్కితే పచ్చిరొట్ట ఎరువు.

ఒక్కో చోట రెండు మూడు గింజలు వేయాలె. వాలుకు దిగువ పక్క అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట వేస్తే వాన నీరు అక్కడనే ఇంకుతది. మొలిచినంక బలమైన మొక్క ఒక్కటే ఉంచాలె. చుట్టూ రేగు కంపో తుమ్మ కంపో పాతాలె. మేక నోరు పడ్డ మొక్క మళ్లీ ఎదగడం కష్టం. మొదటి రెండు ఎండాకాలాలు మొక్క పక్కన అడుగున సన్న బెజ్జం పెట్టిన పాత కుండను పాతి, వారానికోసారి నింపితే చాలు.

ఆయకట్టు రైతులకు వేరే లెక్క

కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసే రైతులు ఇదే పద్ధతి పట్టుకోకూడదు. పెద్ద చెట్టు నీడ పడ్డ చోట వరి పిలకలు తగ్గుతాయి, కంకి పలచనవుతది. సన్న ఒడ్ల మీద పెద్ద చెట్లు వద్దు. పశువుల కొట్టం పక్క, బోరు దగ్గర, కల్లం మూల, చౌడు తేలిన చోట కానుగ పెట్టుకోవచ్చు. కాలువ కట్ట ప్రభుత్వానిది, అక్కడ నాటకూడదు.

యాసంగిలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి నీడ ఉత్తరానికి పడుతది. మీ చేనుకు ఉత్తరం గెట్టు మీద చెట్టు పెడితే మీ పైరుకు నీడ బాధ ఉండదు. అయితే ఆ నీడ పక్క రైతు మీద పడుతది. ఉత్తరాన బండ్ల బాటో వాగో ఉంటే ఇబ్బంది లేదు. లేకుంటే ముందే ఆయనతో మాట్లాడుకోండి. గెట్టు తగాదాలు చెట్టుతో మొదలై కోర్టుదాకా పోతాయి.

ఆదాయం ఎక్కడుంది?

పత్తి రైతుకు వేప చెట్టే మందుల దుకాణం. 5 శాతం వేపగింజల కషాయానికి 5 కిలోల వేపపప్పు పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బు పొడి కలిపి 100 లీటర్లు చేసుకోవాలె. సాయంత్రం పూట, పురుగు గుడ్డు లేదా చిన్న దశలో ఉన్నప్పుడే కొట్టాలె. ముదిరిన పురుగు దీనికి లొంగదు. ఇంటి గింజలతోనే ఒకటి రెండు మందుల ఖర్చు తగ్గినా అది చెట్టు ఇచ్చిన ఆదాయమే. చింతపండు, సీతాఫలం, వంటచెరకు వేరే.

ఇబ్బందులూ తెలిసి ఉండాలె

పండ్ల చెట్టు పక్షులతోపాటు కోతులనూ పిలుస్తది. పొదలు దట్టమైతే అడవి పందులు చేరుతాయి. మొక్కజొన్న, వేరుశనగ వేసే చేల పక్కన గెట్టు కింద పొదలు పెరగనీయొద్దు. పెరిగిన చెట్టును నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలె. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. గొడ్డలి పట్టకముందే అటవీ సిబ్బందిని అడగాలె.

మొక్క మొదటి మూడేళ్లు మనిషి కాపలా మీద బతుకుతది. రాఘవాపురం అడవి ఒక్క ఏడాది మొక్కల పండుగతో వచ్చింది కాదు, ఒక మనిషి జీవితకాలం పట్టింది. మనం 30 చెట్లతో మొదలుపెట్టి, వాటిలో 20 నిలబెట్టుకున్నా చేనుకు నీడ, పశువుకు చల్లదనం, పిల్లలకు పండు మిగులుతాయి. ఈ ఎండాకాలంలోనే కానుగ, చింత గింజలు ఏరి పెట్టుకోండి. మీ నేలకు ఏ చెట్టు నప్పుతదో తెలియకుంటే గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగి తెలుసుకోండి.