లాబ్‌స్టరు వంటలు: నిమిషముల పాఠము

నలభీమపాకమని మనము పొగడుదుము. హైదరాబాదు దస్తర్‌ఖాను పేరు దేశదేశములలో వినబడుచున్నది. ఆ కీర్తికి కారణము చేతివాటము మాత్రమే కాదు. వేడిని, కాలమును ఎరిగిన బుద్ధి. కచ్చి బిర్యానీకి దమ్ము పెట్టిన వంటవాడు మూత తీయకయే లోపలి మాంసము ఉడికినదో లేదో చెప్పగలడు. అట్టి కాలజ్ఞానము వంటలో ఎంత అవసరమో తెలిసికొనుటకు లాబ్‌స్టరును మించిన పాఠ్యవస్తువు లేదని మా అభిప్రాయము. పారిస్, న్యూయార్కు నగరముల భోజనశాలలలో పేరొందిన లాబ్‌స్టరు వంటకములను ఇంటి పొయ్యి మీద ఎట్లు చేయవచ్చునో, ఎక్కడ పొరపడుదుమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ముందుగా మా అపజయమును చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట విశాఖపట్టణము చేపల రేవులో ఒక లాబ్‌స్టరును కొని ఇంటికి తెచ్చితిమి. పెద్ద ప్రాణి కదా, బాగుగా ఉడకవలెనను తలంపుతో ఇరువది నిమిషములు నీటిలో మరిగించితిమి. పిమ్మట ముక్కలు కోసి, సాసులో వేసి, మరి పది నిమిషములు ఉంచితిమి. పళ్ళెములోనికి వచ్చినది రబ్బరు! డబ్బు పోయినదను విచారము కంటె, ఒక ప్రాణిని చంపియు దానిని తినుటకు పనికిరాకుండ చేసితిమే యను చింత మమ్ము ఎక్కువగా బాధించినది. ఆ చింతయే మమ్ము ఈ విషయము చదువునట్లు చేసినది.

జాతులు

పాశ్చాత్య వంటకములలో వాడునది అట్లాంటిక్ సముద్రపు చల్లని నీటిలో పెరుగు జాతి. దానికి పట్టుకారు వంటి రెండు పెద్ద ముందు కాళ్ళు ఉండును. వానిలోను, తోకలోను మాంసము ఉండును. మన తీరములలో దొరకునది వేరొక జాతి. దానికి ఆ పట్టుకారులు లేవు. ఒంటి మీద ముళ్ళు, ముందునకు పొడవైన మీసములు ఉండును. మాంసమంతయు దాదాపు తోకలోనే ఉండును. అయినను తెల్లని మాంసము, తీపి రుచి రెండింటిలోను ఉన్నవి గనుక, అవే పద్ధతులు మన జాతికిని వర్తించును. ఏ జాతియైనను పెంకు, తల పోగా చేతికి వచ్చు మాంసము మొత్తము బరువులో సుమారు నాలుగవ వంతు మాత్రమే. కావున ఒక్క ముక్కయు పాడుచేయరాదు.

ప్రాణమున్నదానినే ఏల కొనవలెను?

చనిపోయిన లాబ్‌స్టరులో కాలేయము వంటి అవయవమునందలి జీర్ణరసములు వెలువడి, మాంసమును త్వరగా మెత్తబరచును. సూక్ష్మజీవులును వేగముగా పెరుగును. అందుచేత ప్రాణమున్నదానినే కొనవలెను, లేదా పట్టిన వెంటనే గడ్డకట్టించిన తోకను కొనవలెను. చేతితో ఎత్తినపుడు తోకను లోపలికి ముడుచుకొనునది ఆరోగ్యమైనది. గడ్డకట్టిన తోకను వేడినీటిలో వేయక, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి కరగనీయవలెను.

ఇచ్చట ఒక నైతిక ప్రశ్న ఎదురగుచున్నది. ప్రాణితో నున్న లాబ్‌స్టరును మరుగు నీటిలో వేయుట పూర్వపు ఆచారము. దానికి బాధ తెలియదని చాలమంది నమ్మిరి. ఆ నమ్మకము నేడు నిలువలేదు. 2018లో స్విట్జర్లాండు స్పృహ తప్పింపకుండ దానిని మరిగించుటను నిషేధించినది. బ్రిటనులో 2021లో శాస్త్రజ్ఞులు సమర్పించిన నివేదికను అనుసరించి, 2022 నాటి చట్టము పీతలను, రొయ్యలను, లాబ్‌స్టరులను బాధ తెలిసిన ప్రాణులలో చేర్చినది.

ఇంటిలో చేయదగినది ఇది. లాబ్‌స్టరును మంచుముక్కలు దట్టముగా కలిపిన ఉప్పునీటిలో కనీసము ఇరువది నిమిషములు ఉంచినచో అది మొద్దుబారును. కదలిక పూర్తిగా ఆగిన పిదప, బరువైన పదునుగల కత్తితో తల మొదలు తోక వరకు నడిమి గీత వెంబడి త్వరగా రెండుగా చీల్చవలెను. తలలో ఒక్క పోటు పొడిచిన చాలదు. ఏలననగా దాని నాడీకేంద్రములు తలలో మాత్రమేగాక శరీరము పొడవునను గొలుసువలె అమరియున్నవి. ఈ పనికి చేయి రానివారు గడ్డకట్టిన తోకతోనే వండుకొనుట ఉత్తమము. అందు సిగ్గుపడవలసినది లేదు.

ఉడికించుట

లీటరు నీటికి ముప్పది గ్రాముల ఉప్పు వేయవలెను. సముద్రజలపు ఉప్పదనము ఇంచుమించు ఇంతే. నీరు తెరలి మరుగుచుండగా లాబ్‌స్టరును వేసి, నీరు మరల మరుగుట మొదలైనప్పటి నుండి కాలమును లెక్కింపవలెను. అరకిలో బరువుగల మొత్తము లాబ్‌స్టరునకు ఎనిమిది నుండి పది నిమిషములు; చీల్చిన సగములకు ఇంకను తక్కువ.

ముదురు నీలి, ఆకుపచ్చ వర్ణముల పెంకు కొద్ది సేపటిలోనే ఎర్రబడును. అస్టాక్సాంథిన్ అను ఎర్రని రంగు పదార్థము పెంకులో ఒక మాంసకృత్తుతో బంధింపబడి యుండును. వేడికి ఆ మాంసకృత్తు రూపు మారగనే దాగిన ఎరుపు బయటపడును. కావున ఎరుపు పెంకు యొక్క వార్తయే గాని మాంసము యొక్క వార్త కాదు. గాజువలె మెరయు మాంసము పాలవలె తెల్లబడి, వ్రేలితో నొక్కిన తిరిగి పొంగుట ఉడికినదనుటకు సరియైన గుర్తు. అంతటితో దింపి చల్లని నీటిలో ముంచవలెను. లేనిచో లోపలి వేడిమియే ఇంకను ఉడికించుచుండును.

తలలోనుండు పచ్చని ముద్దను కొందరు ఇష్టముతో తిందురు. సముద్రపు విషపదార్థములు చేరునది అచ్చటనే గనుక దానిని తీసివేయుట క్షేమము.

థర్మిడార్

ఫ్రెంచి విప్లవకాలపు పంచాంగములో థర్మిడార్ ఒక నెల పేరు. 1794లో ఆ నెలలోనే రోబెస్పియర్ పతనమయ్యెను. ఆ కథను విక్టోరియన్ సార్దూ నాటకముగా వ్రాయగా, 1891లో పారిస్‌లో ప్రదర్శింపబడి, కలవరము పుట్టించి, కొలది రోజులలోనే నిషేధింపబడెను. వంటకమునకు ఆ నాటకము పేరే పెట్టిరని సాధారణముగా చెప్పుదురు.

అరకిలో బరువుగల రెండు లాబ్‌స్టరులను ఐదారు నిమిషములు మాత్రమే ఉడికించి, నిలువుగా చీల్చి, మాంసమును తీసి ముక్కలు చేయవలెను. పెంకులను కడిగి ఉంచుకొనవలెను. ముప్పది గ్రాముల వెన్నలో అంతే మైదాను రంగు మారకుండ వేయించి, మూడువందల మిల్లీలీటర్ల వేడి పాలను కొద్దికొద్దిగా పోయుచు ఉండలు కట్టకుండ కలిపినచో తెల్ల సాసు తయారగును. వేరొక గిన్నెలో రెండు చిన్న ఉల్లిపాయల తరుగును వెన్నలో మగ్గించి, ఒక చిన్న గిన్నెడు తెల్ల ద్రాక్షాసారాయమును పోసి సగమునకు ఇగురబెట్టవలెను. దానిని సాసులో కలిపి, ఒక చెమ్చా ఆవముద్ద, ఉప్పు, మిరియాలపొడి, కొంచెము చీజు తురుము చేర్చవలెను. పొయ్యి ఆర్పిన తరువాతనే మాంసమును కలిపి, పెంకులలో నింపి, పైన చీజు చల్లి, ఓవెనులో పై మంట క్రింద మూడు నాలుగు నిమిషములు ఉంచిన బంగారు వన్నె వచ్చును. మొదట తక్కువగా ఉడికించినది ఈ చివరి వేడిమికి చోటుంచుటకే. మా తొలి ప్రయత్నము చెడినది ఈ లెక్క తెలియకనే.

న్యూబర్గ్

ఇది న్యూయార్కు నగరపు డెల్మోనికో భోజనశాలకు చెందినది. 1876లో వెన్‌బర్గ్ అను నావికుడు దీనిని అచ్చటివారికి చూపెననియు, తరువాత యజమానితో తగవు పడగా పేరులోని అక్షరములు తారుమారు చేయబడెననియు కథ కలదు.

ఉడికిన ముక్కలను నలుబది గ్రాముల వెన్నలో ఒక నిమిషము వెచ్చజేసి, చిటికెడు కారము, రెండు చెమ్చాల షెర్రీ వేసి, ముక్కలను ప్రక్కకు తీయవలెను. ఆ గిన్నెలో రెండువందల మిల్లీలీటర్ల చిక్కని మీగడను వేడిచేసి, దానిలో కొంత మూడు గ్రుడ్ల పచ్చసొనలలో కలిపి, ఆ మిశ్రమమును మరల గిన్నెలో పోసి, సన్నని సెగ మీద చెమ్చాకు అంటుకొనునంత చిక్కబడువరకు కలుపుచుండవలెను. మరుగనిచ్చినచో సొన విరుగును. ముక్కలను చేర్చి, కాల్చిన రొట్టె మీద వడ్డింపవలెను.

పెంకుల చారు

పెంకులను పారవేయరాదు. ఫ్రెంచివారు బిస్క్ అను చారును వానితోనే చేయుదురు. చితుకగొట్టిన పెంకులను వెన్నలో ఉల్లి, క్యారెట్టు, టొమాటో ముక్కలతో వేయించి, లీటరుంబావు నీరు, రెండు చెమ్చాల బియ్యము వేసి నలుబది నిమిషములు సన్నగా కాచవలెను. పెంకు ముక్క ఒక్కటియు దిగకుండ పలుచని బట్టలో పిండి వడగట్టి, కొంచెము మీగడ కలిపి వేడి చేయవలెను. మాంసమునకు నిమిషములే చాలును. పెంకు తన రుచిని ఇచ్చుటకు ఎక్కువ సేపు కోరును. బియ్యము ఇచ్చట గంజివలె చిక్కదనమునిచ్చును.

మద్యము గురించి ఒక మాట

థర్మిడార్, న్యూబర్గ్ రెండింటిలోను మద్యము కలదు. అది వేడికి ఆవిరియై పూర్తిగా పోవునని చాలమంది అనుకొందురు. అది సరి కాదు. పాత్రలో నిప్పంటించినను నాలుగింట మూడు వంతులు మిగులునని, పావుగంట కాచినను సుమారు నలుబది శాతము మిగులునని పరిశోధనలు చూపినవి. కావున మద్యము నిషిద్ధమైన గృహములలో "కాగిపోవును లే" యను సమాధానము చాలదు. ద్రాక్షాసారాయము వంటకమునకు ఇచ్చునది పులుపు, పరిమళము. పెంకులు కాచిన నీటిని చిక్కగా ఇగిర్చి, దింపిన తరువాత కొన్ని నిమ్మరసపు చుక్కలు చేర్చినచో ఆ పని చక్కగా నెరవేరును. మేము ఇట్లే చేయుదుము. రుచికి కొరత తోచలేదు.

ముగింపు

అమెరికా తీరమున ఒక లాబ్‌స్టరు అంగడికి తగినంత పెరుగుటకు ఐదు నుండి ఏడు సంవత్సరములు పట్టును. అందుచేతనే మెయిన్ రాష్ట్రమున గ్రుడ్లతోనున్న ఆడ లాబ్‌స్టరు తోకపై గాటు పెట్టి సముద్రములో విడిచెదరు. ఆ గాటు చూచిన మరియొక జాలరియు దానిని పట్టరాదు. మన దేశమును 2003లో ఎగుమతికి కనీసపు బరువులను నిర్ణయించినది. వానిలో ఒక జాతికి రెండువందల గ్రాములు, మరియొకదానికి మూడువందలు, ఇంకొకదానికి ఐదువందలు. కొనువారును ఈ మర్యాదను పాటింపవలెను. అంగడిలో చిన్నదానిని, పొట్టక్రింద గ్రుడ్లు కనబడుదానిని కొనక తిరిగి వచ్చుటయు వంట నేర్చుటలో భాగమే.

ఏండ్ల తరబడి పెరిగిన ప్రాణి మన పొయ్యి మీద ఉండునది పది నిమిషములు. ఆ పది నిమిషములను గడియారము చూచి, మనసు పెట్టి గడపుట మనము దానికి చెల్లింపగల కనీసపు ఋణము. విద్యార్థులు మొదట చవకగా దొరకు రొయ్యలతో ఈ కాలపు లెక్కను అభ్యసించి, చేయి కుదిరిన పిదప లాబ్‌స్టరును కొనవలెనని మా మనవి. మేము ఇరువది నిమిషములలో పోగొట్టుకొన్నదానిని వారు పోగొట్టుకొనకుందురు గాక.