ప్రమాణానికి వెళ్లే ముందు పేరు సరిచూసుకో

ఎడిసన్, న్యూజెర్సీ

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూ అయిపోయిందనీ, ఇక ప్రమాణం తేదీ రావడమే మిగిలిందనీ చెప్పావు. సంతోషం. ఆ వెంటనే గుక్క తిప్పుకోకుండా నాలుగు ప్రశ్నలు అడిగావు. ఇండియా పాస్‌పోర్టు ఎప్పుడు తిరిగివ్వాలి, ఇంకా చాలా ఏళ్లు చెల్లుతుంది కదా ఉంచుకుంటే ఏం, బాబు సంగతేంటి, మాఘమాసంలో తమ్ముడి పెళ్లికి ఏ పాస్‌పోర్టు మీద వెళ్లాలి? ఫోన్లో సగం చెప్పాను. మిగతా సగం నీ ఆఫీసు మీటింగు మింగేసింది. అందుకే రాస్తున్నాను. దాచుకో, రేపు మీ ఆయనకూ పనికొస్తుంది.

ముందు మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్న మాట సంగతి చూద్దాం. 'అమెరికా రెండు పౌరసత్వాలకీ ఒప్పుకుంటుంది కాబట్టి ఇండియా పాస్‌పోర్టు కూడా ఉంచేసుకోవచ్చు' అన్నారన్నావు. మొదటి సగం నిజమే. అమెరికా నీ పాత పాస్‌పోర్టు లాక్కోదు. ఒప్పుకోనిది మన దేశం. 1955 నాటి పౌరసత్వ చట్టంలో తొమ్మిదో సెక్షను తీసి చూడు. భారత పౌరులెవరైనా తమ ఇష్టంతో ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఎప్పుడు పోతుంది? మీ టెక్సస్ వాళ్లకి సంబంధించిన హ్యూస్టన్ భారత కాన్సులేట్ వాళ్లు ముద్ర వేసినప్పుడు అనుకుంటారు చాలామంది. అప్పటిదాకా ఆగదు, నువ్వు చెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజే పోతుంది. ఆ తరువాత నువ్వు నింపే ఫారాలూ, కట్టే ఫీజులూ, వచ్చే సర్టిఫికెట్టూ అన్నీ అప్పటికే జరిగిపోయినదానికి రుజువులు మాత్రమే. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

అందుకే ఆ పాస్‌పోర్టు మీద ఎంత గడువు అచ్చయి ఉన్నా లెక్కలోకి రాదు. ప్రమాణం తరువాత దాని మీద ప్రయాణం చెయ్యడం పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. టికెట్ ముందే కొనేశాం, ఈ ఒక్కసారికీ పాతదాని మీద వెళ్లొచ్చేద్దాం అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. వెళ్లేటప్పుడు ఎవరూ ఆపకపోవచ్చు. తరువాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకి పెట్టుకున్నప్పుడు ప్రమాణం తేదీ ఒకవైపు, పాత పాస్‌పోర్టు మీద శంషాబాద్ ముద్ర ఇంకోవైపు పక్కపక్కన కనిపిస్తాయి. అప్పుడు జరిమానా కట్టి, వివరణ రాసుకుని, నెలల తరబడి ఎదురు చూడాలి.

ఇక అసలు కష్టం పేర్ల దగ్గరుంది, తల్లీ. మన తెలుగువాళ్లకి మరీను. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టులో మొత్తం పేరంతా గివెన్ నేమ్ గడిలో పడేసి సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. అది చూసి వీసావాళ్లు ఆ మొత్తాన్నీ ఇంటిపేరుగా వేసి, మొదటి పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని అచ్చేస్తారు. మొదటి పేరు తెలియదని దానర్థం. డ్రైవింగ్ లైసెన్సు మీదా, బ్యాంకు కార్డు మీదా అదే ఎక్కి, డాక్టరు దగ్గర నర్సు 'ఫ్నూ' అని కేకేస్తే లేచి వెళ్లే మనవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో. నీకు ఆ బాధ లేదు. నీ బాధ వేరు. చదువు కాగితాలన్నీ మా బావ ఇంటిపేరుతో ఉన్నాయి, పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టూ గ్రీన్‌కార్డూ మీ అత్తవారి ఇంటిపేరుతో ఉన్నాయి. అమ్మ పేరు ఒకచోట కేఎస్‌హెచ్‌తో లక్ష్మి, ఇంకోచోట ఎక్స్‌తో లక్ష్మి.

పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 నింపేటప్పుడే పేరు మార్చుకోవాలా అని అడుగుతారు. పిలవడానికి తేలిగ్గా ఉంటుందని పేరును కత్తిరించుకోవాలని నీకూ అనిపించిందట, మీ అత్తయ్యతో అన్నావట. నా మాట వింటే వద్దు. ఎఫ్ఎన్‌యూలాంటి తప్పుంటే దిద్దుకోవడం న్యాయం, తప్పనిసరి కూడా. సోకు కోసం మాత్రం పేరు ముట్టుకోకు. మీ నాన్న పొలం, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, రేపు తహసీల్దారు ఆఫీసులో తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇవన్నీ పాత పేరుతోనే ఉంటాయి. ప్రతిచోటా 'ఆవిడా నేనూ ఒకరమే' అని అఫిడవిట్ పట్టుకు తిరగాలి. పైగా పేరు మార్పు కోరితే కోర్టులో జడ్జి ముందు జరిగే ప్రమాణంలోనే అది కుదురుతుంది, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో జరిగేదాంట్లో కుదరదు.

ప్రమాణం రోజు ఇంకో పని. ఎన్-445 అనే నోటీసు వస్తుంది. దాని మీద ఇంటర్వ్యూ తరువాత దేశం దాటావా, ఎక్కడైనా కేసుల్లో ఇరుక్కున్నావా వంటి ప్రశ్నలుంటాయి. ముందు రోజు కాకుండా ఆ రోజు పొద్దున నింపి సంతకం పెట్టు. గ్రీన్‌కార్డు పట్టుకెళ్లు, అక్కడ తీసేసుకుంటారు. బదులుగా న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. జెండాలతో ఫొటోలు తరువాత దిగొచ్చు. ముందు ఆ కుర్చీలోనే కూర్చుని ప్రతి అక్షరం చదువు. పేరు, పుట్టిన తేదీ, ఇంతకుముందు పౌరసత్వమున్న దేశం, గ్రీన్‌కార్డు మీది ఏ-నంబరు. తప్పు కనిపిస్తే అక్కడే ఆఫీసరుకి చూపించు. గుమ్మం దాటాక దిద్దించుకోవాలంటే ఎన్-565 అని వేరే దరఖాస్తు, దాని కోసం ఇంకొన్ని నెలలు.

ఇంటికొచ్చాక ఆ సర్టిఫికెట్‌ని రంగుల్లో స్కాన్ చెయ్యి. దాని మీదే అనుమతి లేకుండా నకలు తీస్తే శిక్ష అని రాసి ఉంటుంది, అది చూసి చాలామంది జడుసుకుంటారు. పాస్‌పోర్టుకో, కాన్సులేట్‌కో ఇవ్వడం లాంటి న్యాయమైన అవసరానికి నకలు తీసుకోవడం తప్పు కాదు. ఎందుకు చెబుతున్నానంటే, అమెరికా పాస్‌పోర్టు దరఖాస్తుతో అసలు సర్టిఫికెట్టే పంపాలి. అది తిరిగొచ్చేదాకా నీ చేతిలో ఏమీ ఉండదు. గ్రీన్‌కార్డు ఇచ్చేశావు, ఇండియా పాస్‌పోర్టు వాడకూడదు, కొత్తది ఇంకా రాలేదు. ఆ రోజుల్లో దేశం దాటడం కుదరదు. నాకు అన్నిటికంటే బెంగ ఈ మధ్య కాలం గురించే. ఇంట్లో పెద్దవాళ్లున్నారు కదా. ఎక్కువ ఫీజు కట్టి త్వరగా తెప్పించుకో. రెండు వారాల్లోపు ప్రయాణం తప్పకపోతే పాస్‌పోర్టు ఏజెన్సీలో అపాయింట్‌మెంటు అడగవచ్చు. డాలస్‌లోనే ఉంది.

ఇక తమ్ముడి పెళ్లి. ప్రమాణం తేదీ పెళ్లికి మరీ దగ్గరగా పడితే, రాలేకపోవడానికి కారణం రాసి ఆ ఎన్-445 నోటీసు వెనక్కి పంపి ఇంకో తేదీ కోరు. అప్పటిదాకా నువ్వు భారత పౌరురాలివే, గ్రీన్‌కార్డుతో వెళ్లి హాయిగా రావచ్చు. ఒకసారి మార్చుకుంటే ఫరవాలేదు, చెప్పాపెట్టకుండా మళ్లీ మళ్లీ మానేస్తే దరఖాస్తే పోతుంది. ప్రమాణం ముందే అయిపోయి రెండు మూడు నెలల సమయముంటే అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, దాని మీద ఈ-వీసా పెట్టు. పెళ్లికి అది చాలు. అందులో ఇంతకుముందు ఏ దేశ పౌరురాలివని అడుగుతారు, ఉన్నదున్నట్టు రాయి. ఓసీఐ ఆ లోపు వచ్చేస్తుందన్న నమ్మకంతో మాత్రం టికెట్ కొనకు.

సరెండర్ పని, అంటే పాత పాస్‌పోర్టు తిరిగివ్వడం, పెద్ద కష్టం కాదు, చాదస్తం ఎక్కువ. ఆన్‌లైన్లో ఫారం నింపాలి, ప్రింటు తియ్యాలి, రెండంగుళాల చదరపు ఫొటో అంటించాలి, అసలు ఇండియా పాస్‌పోర్టు, న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ నకలు, అమెరికా పాస్‌పోర్టు నకలు, చిరునామా రుజువు జతచెయ్యాలి. నాకు తెలిసినవాళ్లంతా కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ ద్వారా పంపినవాళ్లే. టెక్సస్‌వాళ్లు హ్యూస్టన్ పరిధి, మేము న్యూయార్క్ పరిధి. ఇల్లు మారి లైసెన్సు మీద పాత రాష్ట్రం చిరునామా ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది. ఫీజు ఎంతో, జాబితాలో ఏమేం ఉన్నాయో పంపే రోజున మళ్లీ చూసుకో, తరచూ మారుస్తుంటారు. మధ్యవర్తికి డబ్బిచ్చి నింపించడం నాకిష్టం లేదు. నీ పేరు స్పెల్లింగు నీకంటే బాగా అతనికి తెలియదు కదా. పాత పాస్‌పోర్టు రద్దు ముద్రతో సర్టిఫికెట్‌తో పాటు తిరిగొస్తుంది. రద్దయింది కదా అని పారెయ్యకు. నువ్వు ఒకప్పుడు భారతీయురాలివని రుజువు అదే, ఓసీఐకి అడిగేదీ అదే. సరెండర్ సర్టిఫికెట్ లేకుండా ఓసీఐ రాదు. పాత పాస్‌పోర్టులో ఒక పేరు, కొత్తదాంట్లో ఇంకో పేరు ఉంటే రెండిటినీ కలిపే కాగితం, అంటే పెళ్లి సర్టిఫికెట్టో కోర్టు ఉత్తర్వో, తప్పకుండా జతచెయ్యి.

బాబు మాట. వాడు హైదరాబాదులో పుట్టాడు, గ్రీన్‌కార్డు ఉంది, పద్దెనిమిదేళ్లు నిండలేదు, మీతోనే ఉంటున్నాడు. 2000 నాటి చైల్డ్ సిటిజన్‌షిప్ చట్టం ప్రకారం నువ్వు ప్రమాణం చేసిన రోజే వాడూ అమెరికా పౌరుడవుతాడు. వాడు ప్రమాణం చెయ్యక్కర్లేదు. రుజువుగా అమెరికా పాస్‌పోర్టు తీసుకో. వాడి ఇండియా పాస్‌పోర్టుకు సరెండర్ దరఖాస్తు వేరేగా పెట్టు. చాలామంది తమది ఇచ్చేసి పిల్లలది అల్మరాలో మర్చిపోతారు.

పెద్దయ్యాక వాడికి భారత పౌరసత్వం కావాలనిపిస్తే తిరిగి వస్తుందా అని అడిగావు. ఇక్కడ జాగ్రత్తగా విను. సెక్షన్ 8 కింద తల్లిదండ్రులు ప్రకటన ఇచ్చి వదులుకుంటే, వాళ్ల మైనర్ పిల్లలు మేజరైన ఏడాదిలోపు తిరిగి కోరుకోవచ్చు. తల్లిదండ్రులు సింగపూర్ పౌరసత్వం తీసుకున్న ఒక యువకుడు ఇదే ఆధారంతో కోర్టుకెక్కాడు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నప్పుడు చట్టమే సెక్షన్ 9 కింద తీసేస్తుంది, అది సెక్షన్ 8 ప్రకటన కాదు, కనుక ఆ సౌకర్యం వర్తించదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. మన బాబుకి మిగిలే దారుల్లో ఒకటి ఓసీఐ తీసుకుని ఐదేళ్లు దాటాక, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇండియాలో ఉండి, పౌరసత్వ నమోదు కోరడం. ఇది తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

ఓసీఐని ద్వంద్వ పౌరసత్వం అనేవాళ్ల మాట నమ్మకు. అది జీవితకాలపు వీసా, కొన్ని సౌకర్యాలతో. ఓటు లేదు. 2024 మే 13న ఓటెయ్యడానికి సెలవు పెట్టి ఊరెళ్లావు చూడు, అది ఇక ఉండదు. ఫారం 7 ఇచ్చి జాబితాలోంచి పేరు తీయించు, లేకపోతే నీ పేరు మీద ఇంకెవరైనా వేసేస్తారు. ఎన్నారై ఖాతాలు కొనసాగుతాయి, బ్యాంకుకి మాత్రం పౌరసత్వం మారిందని చెప్పాలి. పొలం గురించి మీ నాన్నకి కంగారుగా ఉంది. వ్యవసాయ భూమి కొనడం, బహుమతిగా తీసుకోవడం ఎన్నారైగా ఉన్నప్పుడే నీకు కుదరదు, ఇప్పుడు కొత్తగా పోయిందేమీ లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే ఇండియాలో ఉండే భారత పౌరులకే అమ్మాలి. ఇది బావకి నేనే ఫోన్ చేసి చెబుతాను.

పేపర్లో చూసిన అంకె ఒకటి చెబుతాను. 2022లో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. కాబట్టి ఊళ్లో ఎవరో నిష్ఠూరమాడితే మనసు కష్టపెట్టుకోకు. ఇక్కడ ఇల్లు కట్టుకుని, పన్నులు కట్టి, పిల్లవాణ్ణి ఈ బడిలోనే చదివిస్తూ ఇక్కడ ఓటు కోరుకోవడం ద్రోహం కాదు. రెండు దేశాల్నీ ఒకేసారి మోసం చేస్తూ రెండు పాస్‌పోర్టులు జేబులో పెట్టుకోవడమే నాకు నచ్చదు.

ఎన్-445 రాగానే దాని ఫొటో నాకు పంపు. సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజున పాస్‌పోర్టుకు పంపే ముందు దాని స్కానూ, నీవీ బాబువీ పాత పాస్‌పోర్టుల మొదటి పేజీలూ పంపు. స్పెల్లింగులు మీ అత్తయ్యా నేనూ కూర్చుని చూసి చెబుతాం.

ఇట్లు,
మామయ్య