పీసుల లెక్క వచ్చు, పరీక్ష లెక్క రాదు

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. లెక్కల్లో ఎప్పుడూ పాస్ మార్కులు దాటడు. ఇంట్లో మాత్రం జీన్స్ పీసుల లెక్క, కూలి లెక్క నోటితోనే చెబుతాడు. బడి మాన్పించి కుట్టు మిషను నేర్పుదామంటున్నారు మా ఇంటాయన. ఏం చేయాలి?
- ఒక తల్లి, రాయదుర్గం

జవాబు: బడి మాన్పించకండమ్మా. పద్నాలుగేళ్ల దాకా చదువు వాడి హక్కని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

వాడు లెక్క ఎలా కడుతున్నాడో ఓసారి దగ్గర కూర్చుని వినండి. 35 పీసులు, పీసుకు 12 రూపాయలైతే ముందు 350, దానికి 70 కలిపి 420 అంటాడేమో. ఏడో తరగతి పుస్తకంలోని విభాగ న్యాయం అదే! అది వచ్చిన పిల్లాణ్ని లెక్కలు రానివాడని ఎలా అంటాం? ఈ సంగతి మాస్టారికి చెప్పండి. పిల్లలకు ఏం రాదన్నది కాక ఏం వచ్చో అడిగే ప్రశ్నావళిని అమెరికాలో మైకేల్ ఎప్‌స్టీన్ 1998లోనే తెచ్చారు. మన 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన సమగ్ర ప్రగతి పత్రంలోనూ టీచరుతో పాటు విద్యార్థి, తోటి పిల్లలు కూడా అంచనా వేస్తారు.

అలాగని లోపాన్ని వదిలేయమని కాదు. పుస్తకంలోని లెక్కను పైకి చదివించండి. చదవడంలోనే తడబడితే చిక్కు తెలుగులో ఉంది, లెక్కల్లో కాదు. బోర్డు సరిగా కనిపిస్తోందో లేదో కంటి పరీక్ష కూడా చేయించండి. ఇంట్లో పద్దు పుస్తకం వాడి చేతికివ్వండి, నోటితో చెప్పే లెక్కను కాగితం మీద పెట్టడం అలవాటవుతుంది. మిషను దగ్గర మాత్రం కూర్చోబెట్టొద్దు.